గ్రాఫిక్స్‌ కార్డు వేగం పెంచే ముందు..

‘నాన్నా, గ్రాఫిక్స్‌ కార్డు ఓవర్‌క్లాక్‌ చేసుకోనా?’ ఫ్రిస్కో అయినా, ఎడిసన్‌ అయినా, ఫ్రీమాంట్‌ అయినా.. హైస్కూల్‌ పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వచ్చి తీరుతుంది. కొన్ని ఇళ్లలో జవాబు ‘కాలిపోతుంది, ముట్టుకోకు’. మరికొన్ని ఇళ్లలో ‘నాకేం తెలుసు, నీ ఇష్టం’. కార్డు చూస్తే ఆరేడు వందల డాలర్లు పోసి కొన్నది. అదే కంప్యూటర్‌లో నాన్న ట్యాక్స్‌ ఫైళ్లు, అమ్మ బ్యాంకు పాస్‌వర్డులు ఉంటాయి. ఆ రెండు జవాబులూ సరిపోవు.

ముందు భయం సంగతి చూద్దాం. సాఫ్ట్‌వేర్‌లో గీతను కాస్త ముందుకు జరిపినంత మాత్రాన ఇవాళ్టి గ్రాఫిక్స్‌ కార్డు కాలిపోదు. తట్టుకోలేకపోతే గేమ్‌ ఆగిపోతుంది, తెర ఒకసారి నల్లబడి మళ్లీ వస్తుంది, మరీ అయితే కంప్యూటర్‌ రీస్టార్ట్‌ అవుతుంది. వేడి హద్దు దాటుతుంటే కార్డే వేగం తగ్గించుకుంటుంది. పెద్దలు పట్టించుకోవాల్సిన ప్రమాదాలు ఆ గీత చుట్టుపక్కల ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌ ఎక్కడి నుంచి దించుకున్నారు, కరెంటు కేబుల్‌ పూర్తిగా దిగిందా లేదా, ఆ గదిలో అదే సర్క్యూట్‌ మీద ఇంకేం నడుస్తున్నాయి.. ఇవి.

నాన్నల కాలం సెలెరాన్‌

ఓవర్‌క్లాకింగ్‌ అంటే కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో చిప్పును నడపడం. ఇది ఈతరం పిల్లలు కనిపెట్టిందేమీ కాదు. 1998లో ఇంటెల్‌ ‘సెలెరాన్‌ 300ఏ’ అనే చవక ప్రాసెసర్‌ తెచ్చింది. పేరుకు 300 మెగాహెర్ట్జ్‌. మదర్‌బోర్డు బస్‌ వేగాన్ని 66 నుంచి 100కు మారిస్తే చాలు, అదే చిప్పు 450 మెగాహెర్ట్జ్‌తో పరుగెత్తేది. సికింద్రాబాద్‌ చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌లో విడిభాగాలు బేరమాడి కొని, కంప్యూటర్‌ సొంతంగా బిగించుకుని, వై2కే రోజుల్లో ఇటు విమానం ఎక్కినవాళ్లలో కొందరికైనా ఆ చిప్పు గుర్తుండే ఉంటుంది. చవక సరుకుతో ఖరీదైన సరుకు పని చేయించుకోవడం.. మనకు నచ్చకుండా ఎలా ఉంటుంది!

గ్రాఫిక్స్‌ కార్డుల్లోనూ చాలాకాలం అదే బేరం నడిచింది. 2015 నాటి జీటీఎక్స్‌ 980 టీఐ కార్డు అధికారిక బూస్ట్‌ వేగం 1075 మెగాహెర్ట్జ్‌. చాలామంది దాన్ని 1400 దాటించి ఆడుకున్నారు. ఇప్పుడు అంత మిగులు దొరకడం లేదు. 2012లో జీటీఎక్స్‌ 680తో ఎన్విడియా ‘జీపీయూ బూస్ట్‌’ పద్ధతి మొదలుపెట్టింది. ఉష్ణోగ్రత ఎంతుంది, వాడుకోవడానికి ఇంకా ఎంత విద్యుత్తు ఉంది అన్నది క్షణక్షణం చూసుకుంటూ కార్డు తన వేగాన్ని తనే పెంచుకుంటుంది. తరం మారేకొద్దీ ఆ లెక్క మరింత పదునెక్కింది. ఏఎండీ కార్డులూ అలాగే పనిచేస్తాయి. ఒకప్పుడు మనం పిండుకున్న లాభాన్ని ఇప్పుడు కంపెనీలే ముందుగా పిండేసి, ధరలో కలిపి అమ్ముతున్నాయి.

కాబట్టి ఇవాళ ఓవర్‌క్లాకింగ్‌తో వచ్చేది సాధారణంగా 5 శాతం అటూ ఇటూ. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే గేమ్‌లో 63 వస్తాయి. కొలిస్తే కనిపిస్తుంది, ఆడేటప్పుడు కంటికి ఆనదు. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పేయడం మంచిది. గేమ్‌ 35 ఫ్రేముల దగ్గర నత్తనడక నడుస్తుంటే దానికి మందు ఓవర్‌క్లాకింగ్‌లో లేదు. గేమ్‌ సెట్టింగుల్లో నీడల నాణ్యత ఒక మెట్టు దించినా, కార్డుకు డీఎల్‌ఎస్‌ఎస్‌, ఎఫ్‌ఎస్‌ఆర్‌ లాంటి సదుపాయం ఉండి ఆన్‌ చేసినా అంతకు ఎన్నో రెట్లు మేలు జరుగుతుంది. అయినా చేసి చూస్తానంటే చేయనివ్వండి. అంకెలు రాసుకుని, ఒక మార్పు చేసి, ఫలితం కొలిచి, మళ్లీ రాసుకోవడం వాళ్లకు ఇంకెక్కడా ఇంత ఇష్టంగా అలవాటు కాదు.

డౌన్‌లోడ్‌ దగ్గరే మొదటి గండం

ఈ పనికి ఎక్కువమంది వాడేది ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌. ఉచితం, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. దానికున్న ఆ పేరే దొంగలకు పెట్టుబడి అయింది. 2022 నవంబరులో సైబల్‌ అనే సైబర్‌ భద్రతా సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. ఆఫ్టర్‌బర్నర్‌ అసలు సైటులాగే కనిపించే నకిలీ సైట్లు మూడు నెలల వ్యవధిలో 50కి పైగా పుట్టుకొచ్చాయని తేల్చింది. వాటి నుంచి దించుకుంటే అసలు సాఫ్ట్‌వేర్‌ ఎక్కేది. దాని వెనకే రెండు దొంగ ప్రోగ్రాములూ ఎక్కేవి. ఒకటి మన కంప్యూటర్‌తో వాళ్ల కోసం క్రిప్టో నాణేలు తవ్వేది. రెండోది రెడ్‌లైన్‌. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, కార్డు వివరాలు పట్టుకుపోయేది.

ఆ కంప్యూటర్‌లోనే వీసా పత్రాల స్కాన్లు, డబ్ల్యూ-2 ఫారాలు, ఇండియా బ్యాంకు ఖాతా లాగిన్‌ ఉన్న ఇంట్లో ఇది గేమింగ్‌ విషయం కాదు, ఇంటి భద్రత విషయం. వెతికితే పైన కనిపించే ప్రకటన లింకు నొక్కకూడదు. వీడియో కింద ఎవరో ఇచ్చిన లింకూ వద్దు. ఎంఎస్‌ఐ అధికారిక సైటు పేరును స్వయంగా టైప్‌ చేసి అక్కడి నుంచే దించుకోవాలి. ఇంకా సులువైన దారి, అసలు కొత్తగా ఏదీ దించుకోకపోవడం. ఎన్విడియా యాప్‌లో ‘సిస్టమ్‌’ విభాగం కింద ఆటోమేటిక్‌ ట్యూనింగ్‌ ఉంది. ఆన్‌ చేస్తే కార్డును అదే పరీక్షించుకుని తగిన వేగం పెట్టుకుంటుంది. ఏఎండీ వాళ్లకు అడ్రినలిన్‌ సాఫ్ట్‌వేర్‌లో ‘ట్యూనింగ్‌’ పేజీ ఉంది. మొదటిసారి చేసేవాళ్లకు ఇవి ధారాళంగా సరిపోతాయి.

ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. ‘మా అబ్బాయి చేశాడు’ అంటే ఐటీ విభాగం వినదు.

ఒకసారికి ఒక్కటే మార్పు

సొంతంగా చేస్తామనేవాళ్లకు పద్ధతి ఇది. ముందు ఏమీ మార్చకుండా కొలవాలి. యూనిజైన్‌ సూపర్‌పొజిషన్‌, త్రీడీమార్క్‌ లాంటి పరీక్ష ఒకటి ఎంచుకుని మూడుసార్లు నడిపి స్కోరు, గరిష్ఠ ఉష్ణోగ్రత, ఫ్యాన్‌ వేగం, వాడిన వాట్లు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. డాలస్‌లో ఆగస్టు మధ్యాహ్నం వచ్చిన అంకె, జనవరి రాత్రి వచ్చిన అంకె ఒకటి కావు. మామూలు వేగంలోనే కార్డు 80 డిగ్రీలు దాటుతుంటే ఓవర్‌క్లాకింగ్‌ అక్కడితో ఆపి, కేస్‌ తెరిచి దుమ్ము దులపాలి. కార్పెట్‌ మీద పెట్టిన కేస్‌ అయితే ముందు అక్కడి నుంచి లేపాలి. కార్పెట్‌ నూగు మొత్తం లోపలికి లాగేస్తుంది. చాలా ఇళ్లలో కార్డుకు కావాల్సింది ఆ శుభ్రం ఒక్కటే.

తర్వాత కోర్‌ క్లాక్‌. దీన్ని 25 లేదా 30 మెగాహెర్ట్జ్‌ చొప్పున పెంచి, ప్రతిసారీ పది నిమిషాలు పరీక్ష నడపాలి. తెర మీద మెరుపు చుక్కలు, రంగు గళ్లు, చిరిగిన ఆకారాలు కనిపించినా, గేమ్‌ మూసుకుపోయినా హద్దు దాటినట్లే. అక్కడి నుంచి ఓ 50 మెగాహెర్ట్జ్‌ వెనక్కి రావాలి. పక్కింటి కుర్రాడి కార్డు 150 పెంచినా నిలబడిందని మన కార్డూ నిలబడాలని లేదు. ఒకే మోడల్‌, ఒకే పెట్టె అయినా లోపలి చిప్పులు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకే చెట్టు మామిడికాయల్లాగా అన్నమాట. దీన్నే గేమర్లు ‘సిలికాన్‌ లాటరీ’ అంటారు.

కోర్‌ సంగతి తేలాక, దాన్ని మళ్లీ మామూలు స్థితికి తెచ్చి, మెమరీ క్లాక్‌ను 100 చొప్పున పెంచాలి. ఇక్కడ ఒక మాయ ఉంది. ఆర్‌టీఎక్స్‌ 3080 నుంచి చాలా పెద్ద కార్డుల్లో వాడిన జీడీడీఆర్‌6ఎక్స్‌ మెమరీ తప్పు దొర్లితే కనిపెట్టి, అదే సమాచారాన్ని మళ్లీ పంపించుకుంటుంది. అందువల్ల హద్దు దాటినా గేమ్‌ ఆగదు. కానీ మళ్లీ మళ్లీ పంపడంలో సమయం పోయి స్కోరు పెరగడం మాని తగ్గుతుంది. అంకె పెంచారు, క్రాష్‌ కాలేదు, భేష్‌ అనుకుంటారు. నిజానికి ముందుకంటే నెమ్మదిగా నడుస్తుంటుంది. నోట్‌బుక్‌ ఉన్నవాడికే ఇది దొరుకుతుంది.

రెండూ కలిపి పెట్టాక అసలు పరీక్ష, రోజూ ఆడే గేమే. గంట, రెండు గంటలు. బెంచ్‌మార్క్‌లో గట్టిగా నిలబడ్డ కార్డు గేమ్‌లో తడబడటం మామూలే. వారం రోజులు ఏ ఇబ్బందీ లేకపోతేనే, కంప్యూటర్‌ ఆన్‌ కాగానే ఆ సెట్టింగులు వాటంతటవే అమలయ్యే ఆప్షన్‌ పెట్టుకోవాలి. ముందే పెడితే, ఆన్‌ చేసిన ప్రతిసారీ అదే తప్పు వేగంతో మొదలై క్రాష్‌ అవుతూ ఉంటుంది. అప్పుడు సేఫ్‌ మోడ్‌లోకి వెళ్లి తీయాలి. ఫైనల్‌ పరీక్షల వారంలో ఆ తిప్పలు ఎందుకు?

కోర్‌ వోల్టేజీ గీతను ముట్టుకోవద్దు. వీడియోల్లో చూసి కార్డు బయాస్‌ మార్చడం, బోర్డు మీది రెసిస్టర్లకు సోల్డరింగ్‌ చేసి కార్డుకు తన విద్యుత్తు లెక్కనే తప్పుగా చూపించడం.. ఇవి అసలే వద్దు. కార్డు తనను తాను కాపాడుకునే ఏర్పాట్లే పోతాయి. ఈ వ్యాసంలో ‘కాలిపోదు’ అన్న మాట ఆ కార్డులకు వర్తించదు.

తగ్గించి చూడండి

నన్నడిగితే పెంచడం కంటే తగ్గించడమే ఇప్పటి కార్డులకు నప్పే పని. దీన్ని అండర్‌వోల్టింగ్‌ అంటారు. వేగం దాదాపు అంతే ఉంచి వోల్టేజీని తగ్గించడం. చిప్పులో ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. అదే వేగంలో వోల్టేజీని 10 శాతం తగ్గిస్తే, ట్రాన్సిస్టర్లు ఆన్‌-ఆఫ్‌ కావడానికి అయ్యే విద్యుత్తు దాదాపు 19 శాతం తగ్గుతుంది. అన్ని చిప్పులూ, వాటిలో బలహీనమైనవి సైతం, పనిచేయాలి కాబట్టి కంపెనీలు వోల్టేజీని కాస్త ఎక్కువే పెట్టి పంపుతాయి. ఆ మిగులునే మనం తగ్గించుకుంటాం.

అంత లోతుకు వెళ్లలేనివాళ్లు పవర్‌ లిమిట్‌ను 100 నుంచి 85 శాతానికి దించి చూడండి. పెద్ద కార్డుల్లో ఫ్రేములు పడిపోయేది కొద్దిగానే. ఫ్యాన్ల హోరు మాత్రం స్పష్టంగా తగ్గుతుంది. అర్ధరాత్రి పక్కగదిలో పడుకున్నవాళ్లకు ముందు తెలిసేది అదే.

కరెంటు బిల్లు భయం గురించి కూడా ఓ మాట. ఓవర్‌క్లాకింగ్‌ వల్ల అదనంగా 60 వాట్లు ఖర్చయిందనుకుందాం. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 7.2 యూనిట్లు. యూనిట్‌ 30 సెంట్లనుకున్నా 2 డాలర్ల 16 సెంట్లు. దాని కోసం గొడవ అక్కర్లేదు. గొడవ పడాల్సింది వేడి గురించి. కంప్యూటర్‌ లాగే ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే మారుతుంది. 500 వాట్లు లాగే కంప్యూటరంటే, 1500 వాట్ల హీటర్‌లో మూడో వంతు గదిలో పెట్టుకుని, ఆ వేడిని బయటికి తోయడానికి మళ్లీ ఏసీకి డబ్బు కట్టడం.

కేబుల్‌, ప్లగ్గు, నానమ్మ హీటర్‌

2022 అక్టోబరులో 450 వాట్ల ఆర్‌టీఎక్స్‌ 4090 మార్కెట్లోకి వచ్చింది. రెండు వారాలు తిరగకుండానే దాని కరెంటు కనెక్టర్‌ కరిగిపోయిందంటూ ఫొటోలు మొదలయ్యాయి. నవంబరులో ఎన్విడియా, ప్రపంచవ్యాప్తంగా తమకు తెలిసినవి 50 కేసుల వరకు ఉన్నాయని, ఎక్కువగా కనిపించిన కారణం కనెక్టర్‌ పూర్తిగా లోపలికి దిగకపోవడమని చెప్పింది. 600 వాట్లను 12 వోల్టులతో పంపాలంటే 50 ఆంపియర్లు. అది ఆరు చిన్న పిన్నుల గుండా వెళ్లాలి. పిన్నుకు 8 ఆంపియర్ల పైచిలుకు. ఏ ఒక్క పిన్ను సరిగా ఆనకపోయినా ఆ భారం మిగతావాటి మీద పడుతుంది. తర్వాత ఈ కనెక్టర్‌ను సవరించి 12వీ-2x6 పేరుతో తెచ్చారు. అయినా 575 వాట్ల ఆర్‌టీఎక్స్‌ 5090 వచ్చాక 2025లోనూ ఇలాంటి ఫిర్యాదులు వినిపించాయి.

కేబుల్‌ను అందంగా మలుపు తిప్పే అడాప్టర్ల కథా ఉంది. కేబుల్‌మాడ్‌ కంపెనీ అమ్మిన యాంగిల్‌ అడాప్టర్లు 25,300 వరకు 2024 ఫిబ్రవరిలో వెనక్కి పిలిపించారు. వదులై, వేడెక్కి, కార్డులోకి కరిగాయని 272 ఫిర్యాదులు వచ్చినట్లు అమెరికా వినియోగదారుల వస్తు భద్రతా కమిషన్‌ ప్రకటించింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కార్డుతో అలాంటిది వస్తే పక్కన పడేయండి.

కాబట్టి పవర్‌ లిమిట్‌ పెంచే ముందు కంప్యూటర్‌ ఆపి, ప్లగ్గు తీసి, టార్చి వేసి చూడాలి. కనెక్టర్‌కూ సాకెట్‌కూ మధ్య సందు కనిపించకూడదు. మొదటి మూడున్నర సెంటీమీటర్ల వరకు కేబుల్‌ వంగకూడదు. రెండు 8 పిన్నుల సాకెట్లున్న కార్డుకు పవర్‌ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగాలి. ఒకే కేబుల్‌కు ఉన్న రెండు తలలతో సరిపెట్టకూడదు.

ఇక గోడ ప్లగ్గు. అమెరికా ఇళ్లలో బెడ్‌రూమ్‌ సర్క్యూట్‌ చాలావరకు 15 ఆంపియర్లది. 120 వోల్టుల లెక్కన 1800 వాట్లు. గంటల తరబడి నడిచేవాటికి అందులో 80 శాతం, అంటే 1440 వాట్లు దాటకుండా చూసుకోవాలన్నది నియమం. డిసెంబరులో ఇండియా నుంచి నానమ్మ వచ్చింది, చలికి తట్టుకోలేక గదిలో 1500 వాట్ల హీటర్‌ పెట్టుకుంది. ఆ ఒక్కటే 12.5 ఆంపియర్లు. గోడకు అవతల మనవడి కంప్యూటర్‌ 600 వాట్లు, అంటే 5 ఆంపియర్లు. రెండు గదులకూ ఒకే బ్రేకర్‌ అయితే మొత్తం 17.5. బ్రేకర్‌ పడిపోతే అదృష్టం. హీటరూ కంప్యూటరూ ఒకే సన్నటి ఎక్స్‌టెన్షన్‌ తీగ మీద ఉంటే, బ్రేకర్‌ పడేలోపే తీగ వేడెక్కుతుంది. హీటర్‌ను ఎప్పుడూ నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి. ఒక పవర్‌ స్ట్రిప్‌కు ఇంకో స్ట్రిప్‌ తగిలించడం పాత అపార్ట్‌మెంట్లలో మనవాళ్లకు బాగా అలవాటు. దాన్ని ఇవాళే తీసేయండి.

వారంటీ కాగితంలో ఏముంది?

ఓవర్‌క్లాకింగ్‌ సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చారంటే వారంటీ ఉన్నట్లే అనుకోకూడదు. తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసినా సరే, ఓవర్‌క్లాకింగ్‌ వల్ల కలిగే నష్టాన్ని వారంటీ భరించదని ఏఎండీ రాతపూర్వకంగానే చెబుతుంది. ఇతర కంపెనీల షరతులు ఒక్కోటి ఒక్కో తీరు. కొన్న పెట్టెలోని కాగితం చదివాకే మొదలుపెట్టండి.

కేస్‌ తెరవడం, కార్డు మీద ఫ్యాన్‌ తుడవడం వేరే సంగతి. స్క్రూ మీద ‘ఈ స్టిక్కర్‌ చిరిగితే వారంటీ చెల్లదు’ అని అంటించి బెదిరించే పద్ధతి ఈ దేశంలో నిలవదు. 1975 నాటి మాగ్నసన్‌-మాస్‌ వారంటీ చట్టం ఉంది. 2024 జులైలో ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ ఇలాంటి స్టిక్కర్ల విషయంలోనే గిగాబైట్‌, జోటాక్‌, ఏఎస్‌రాక్‌ కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. ముగ్గురూ గ్రాఫిక్స్‌ కార్డులు అమ్మేవాళ్లే. దుమ్ము దులిపినందుకు వారంటీ ఇవ్వమంటే ఆ చట్టం పేరు చెప్పి మర్యాదగా అడగొచ్చు.

సెకండ్‌హ్యాండ్‌ కార్డు అయితే మరో జాగ్రత్త. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో ఆ నాణెం తవ్వే పని ఆగిపోయింది. రాత్రీ పగలూ నడిచిన కార్డులు కుప్పలుగా అమ్మకానికొచ్చాయి. అలాంటి కార్డు బాగానే ఉండొచ్చు. కానీ దాని ఫ్యాన్‌ బేరింగులు, మెమరీ మీది థర్మల్‌ ప్యాడ్లు అరిగి ఉండొచ్చు. కొన్నవెంటనే వేగం పెంచకుండా నెల రోజులు ఉష్ణోగ్రత గమనించండి.

గేమింగ్‌ ల్యాప్‌టాప్‌కు ఓవర్‌క్లాకింగ్‌ గురించి నేనైతే ఒక్క వాక్యమే చెబుతాను, వద్దు. లోపల గాలి తిరగడానికే చోటుండదు. వెనక రెండు అంగుళాలు ఎత్తు పెట్టి, మంచం మీద, దుప్పటి మీద ఆడకుండా చూస్తే అంతకంటే ఎక్కువ వేగం దొరుకుతుంది.

చివరగా ఇండియా ప్రయాణం. పాత కంప్యూటర్‌నో, కార్డునో మేనల్లుడికో తమ్ముడి కొడుక్కో పట్టుకెళ్లడం మన ఇళ్లలో మామూలే. సూట్‌కేసులో పెట్టేముందు ఓవర్‌క్లాకింగ్‌ సెట్టింగులన్నీ తీసేయండి. న్యూజెర్సీ చలిలో నిలబడ్డ వేగం విజయవాడ మే నెలలో, ఏసీ లేని గదిలో నిలబడదు. అక్కడి పిల్లాడికి ఎందుకు క్రాష్‌ అవుతోందో అర్థం కాదు. కొన్ని పాత పవర్‌ సప్లైల వెనక 115, 230 అని రాసిన ఎర్రటి చిన్న స్విచ్‌ ఉంటుంది. అది 115 మీద ఉండగా అక్కడి ప్లగ్గులో పెడితే ఠప్‌మని పేలుతుంది. స్విచ్‌ను 230 వైపు తిప్పి, అది కదలకుండా పైన టేప్‌ వేసి మరీ పంపండి.